నొప్పి బిళ్ళ డబ్బా వెనక్కి తిప్పి చదవండి

కావలి నుంచి ఈమధ్యే డాలస్ వచ్చిన ఒక అబ్బాయి అడిగాడు: "అక్కా, రోజంతా కూర్చుని పనిచేసేసరికి నడుము పట్టేస్తోంది. ఇక్కడ అడ్విల్ పెద్ద డబ్బాలు డాక్టరు చీటీ లేకుండానే అమ్ముతున్నారు. రోజూ వేసుకోవచ్చా? లేకపోతే అమ్మ వచ్చేటప్పుడు కాంబిఫ్లామ్ తెమ్మననా?"

రోజూ వద్దు తమ్ముడూ. చీటీ అడగలేదంటే ఆ మందుకి భయం లేదని కాదు. డబ్బా మీద రాసింది చదివి నువ్వే జాగ్రత్తపడతావన్న లెక్క మీద అమ్ముతున్నారు. మన దగ్గర మెడికల్ షాపు ఆయన "అన్నం తిన్నాక వేసుకో" అనైనా చెప్తాడు. ఇక్కడ కౌంటర్ దగ్గర ఫార్మసిస్టు ఉంటారు, అడిగితే పైసా తీసుకోకుండా చెప్తారు. మనవాళ్ళే మొహమాటపడి అడగరు.

అడ్విల్ లోపల ఉన్నది ఐబుప్రొఫెన్, బిళ్ళకి 200 మిల్లీగ్రాములు. డాక్టరు చెప్పకుండా సొంతంగా వాడేటప్పుడు రోజుకి 1,200 దాటకూడదు, నొప్పికి వరసగా 10 రోజులు మించకూడదు. కాంబిఫ్లామ్‌లో అదే ఐబుప్రొఫెన్ 400, దాంతోపాటు పారాసెటమాల్ 325 ఉంటాయి. పొద్దున అడ్విల్, రాత్రి కాంబిఫ్లామ్ వేసుకుంటే ఒకే మందు రెండుసార్లు వేసుకున్నట్టే. ఇక్కడ దొరికే ఇంకో నొప్పి బిళ్ళ అలీవ్‌లో ఉండే నాప్రోక్సెన్ కూడా ఆ కుటుంబమే. దాన్ని ఐబుప్రొఫెన్‌తో కలపకూడదు.

ఈ మందులు నొప్పి పుట్టించే రసాయనాలు తయారవకుండా ఆపుతాయి. కానీ అదే జాతి రసాయనాలు కడుపు లోపలి పొరని కాపాడతాయి, కిడ్నీలకి రక్తం సరిగ్గా అందేలా చూస్తాయి. అందుకే అల్సర్లు, లోపల రక్తస్రావం, కిడ్నీ దెబ్బతినడం, బీపీ పెరగడం. గుండెపోటు, పక్షవాతం ముప్పు గురించిన హెచ్చరికని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2015లో ఇంకా గట్టిగా రాయించింది. గర్భిణులు 20 వారాలు దాటాక డాక్టరు చెప్పకుండా వీటి జోలికి పోకూడదని 2020లో చెప్పింది.

నేను కనిగిరి వైపు మనిషిని. మా బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ సంగతి ప్రకాశం జిల్లాలో తెలియనివాళ్ళు లేరు. నడుము వంగిపోయి, మోకాళ్ళు పట్టేసి, పొలం పనికి పోవాలంటే ఆర్‌ఎంపీ దగ్గర సూది, షాపులో బిళ్ళలు తప్ప దారి లేని పెద్దవాళ్ళు మా ఊళ్ళలో ఉన్నారు. ఆ బిళ్ళలు ఏళ్ళ తరబడి వాడితే కిడ్నీల మీద పడతాయని వాళ్ళకి ఎవరూ చెప్పరు. చదువుకున్న పిల్లలు ఇక్కడికొచ్చి, చదవడానికి అన్నీ డబ్బా మీదే ఉన్నా అదే పని చేస్తుంటే నాకు ప్రాణం ఒప్పదు.

అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఇంకా జాగ్రత్త. బీపీకి టెల్మా-హెచ్ వాడేవాళ్ళు మనలో చాలామంది. అందులో టెల్మిసార్టన్‌తో పాటు ఒంట్లో నీరు బయటికి పంపే మందు కూడా ఉంటుంది. విమానం దిగి కాళ్ళు లాగుతున్నాయంటే పైన రెండు అడ్విల్ ఇచ్చావనుకో, ఆ మూడూ కలిసి కిడ్నీల మీద భారం వేస్తాయి. గుండెకి ఎకోస్ప్రిన్ వాడేవాళ్ళలో ఐబుప్రొఫెన్ ఆ ఆస్పిరిన్ పనికి అడ్డం పడుతుంది. మోకాళ్ళ అరుగుదల నొప్పికి వోల్టరెన్ జెల్ 2020 నుంచి ఇక్కడ చీటీ లేకుండా దొరుకుతోంది. బిళ్ళతో పోలిస్తే రక్తంలోకి చేరేది చాలా తక్కువ. అయినా కిడ్నీ జబ్బుంటే డాక్టర్ని అడగాల్సిందే.

"అయితే టైలెనాల్ వేసుకుంటా" అంటావేమో. అది మన డోలోనే, పారాసెటమాల్. ఇక్కడ దాన్ని అసిటమినోఫెన్ అంటారు. కడుపుకి ఇబ్బంది తక్కువ, లివర్‌కి మాత్రం హద్దు ఉంది. పెద్దవాళ్ళకి రోజు మొత్తం మీద 4,000 మిల్లీగ్రాములు దాటకూడదు, మద్యం తాగే అలవాటుంటే ఇంకా తక్కువ. జలుబుకి తాగే నైక్విల్, డేక్విల్‌లలో ఒక్కో మోతాదుకి 650 ఉంటుంది. డోలో, టైలెనాల్, నైక్విల్ మూడూ కలిపి మింగేవాళ్ళకి తాము ఒకే మందు మింగుతున్నామని తెలియదు. అమెరికాలో ఉన్నట్టుండి లివర్ పాడవడానికి మొదటి కారణం ఈ మందు ఎక్కువవడమే.

ఇక నీ నడుము. 2017లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ ఇచ్చిన సలహాల్లో నడుము నొప్పికి ముందు మందు లేని దారులే పెట్టారు: కొత్త నొప్పికి వేడి కాపడం, మసాజ్, పాతబడిన నొప్పికి వ్యాయామం, యోగా. మన ఇళ్ళలో వావిలాకు నీళ్ళు, ఉప్పు మూట కాపడం చేసేవాళ్ళు, అందులోనూ హాయినిచ్చేది ఆ వేడే. ఇక్కడ హీటింగ్ ప్యాడ్ పెట్టుకో. కానీ అమృతాంజనం లాంటివి రాసి దానిమీద ప్యాడ్ పెట్టకు, చర్మం కాలుతుంది. ప్యాడ్ ఆన్ చేసి నిద్రపోకు.

మంచం మీదే పడుకుంటే నొప్పి తగ్గడం ఆలస్యమవుతుంది. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వెయ్యి. కొత్తగా వచ్చినవాళ్ళు గాలి పరుపు మీద పడుకుని, డైనింగ్ కుర్చీలో ల్యాప్‌టాప్ ముందు వంగి పనిచేస్తారు. ముందు గట్టి పరుపు, వీపుకి ఆనే కుర్చీ కొనుక్కో, టీవీ తర్వాత కొనొచ్చు. రెండు మూడు వారాల్లో తగ్గకపోతే ఫిజికల్ థెరపిస్టు దగ్గరికి వెళ్ళు. టెక్సాస్‌లో మొదటి కొద్ది రోజులు డాక్టరు చీటీ లేకుండానే చూపించుకోవచ్చు. ఇన్సూరెన్స్ వాళ్ళు రెఫరల్ అడుగుతారేమో ముందే కనుక్కో.

తలనొప్పికి నెలలో 15 రోజులు బిళ్ళ వేసుకుంటుంటే, ఆ బిళ్ళే కొత్త తలనొప్పి తెస్తుంది. కళ్ళు చూపించుకో, నిద్ర సరిచేసుకో.

కాలు బలం తగ్గినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, మూత్రం ఆగిపోయినా, విరేచనం తారులా నల్లగా వచ్చినా బిళ్ళలు మాని వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళు. ట్రమడాల్ అనే గట్టి నొప్పి మందు ఉన్న బిళ్ళలు ఇండియా నుంచి ఎవరి చేతా తెప్పించుకోకు, ఇక్కడ అది చట్టం కట్టడిలో ఉన్న మందు. పారాసెటమాల్ పొరపాటున ఎక్కువ మింగేశామనుకుంటే, ఒంట్లో బాగానే ఉన్నా పాయిజన్ కంట్రోల్ వాళ్ళ నంబరు 1-800-222-1222కి ఫోన్ చెయ్యండి. రాత్రీపగలూ పలుకుతారు, డబ్బులు కట్టక్కర్లేదు. విరుగుడు మందు మొదటి 8 గంటల్లోపు ఇస్తేనే బాగా పనిచేస్తుంది.