'మిస్టర్ బ్యాడ్ గై' నిజంగా విఫలమైన ఆల్బమేనా?

అడిగిన ప్రశ్న ఇది: "క్వీన్ బృందం గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ సొంతంగా చేసిన 'మిస్టర్ బ్యాడ్ గై' ఆల్బమ్ ఘోరంగా దెబ్బతిన్నదని అంటారు. అంత బాగుండదా? ఇప్పుడు కూర్చుని వినడం దండగేనా?"

దండగ కానే కాదు. నేను ఈ ఆల్బమ్‌ను చాలా ఏళ్లుగా వింటున్నాను. బ్రిటిష్ రాక్ బృందం క్వీన్‌ను ప్రాణంగా చూసుకునే అభిమానులే దీన్ని వినకుండా పక్కన పెట్టేస్తుంటే బాధగా ఉంటుంది. దీని మీద వచ్చిన విమర్శలో కొంత న్యాయం ఉంది, అది వాద్యాల గురించి. పాటల మీద, ముఖ్యంగా ఆ గొంతు మీద ఇచ్చిన తీర్పును మాత్రం నేను ఒప్పుకోను.

ముందు అంకెలు చూద్దాం. ఆల్బమ్ 1985 ఏప్రిల్ 29న విడుదలైంది. బ్రిటన్ చార్టులో ఆరో స్థానం దాకా వెళ్లింది. మొదటి సింగిల్ (ఆల్బమ్ నుంచి విడిగా విడుదల చేసిన పాట) 'ఐ వాజ్ బార్న్ టు లవ్ యూ' అక్కడ 11వ స్థానానికి చేరింది. సొంతంగా మొదటి ఆల్బమ్ చేసిన గాయకుడికి ఇవి చిన్నతనం తెచ్చే అంకెలు కావు. ఆ తరువాతే జారింది: తరువాతి సింగిల్స్ 'మేడ్ ఇన్ హెవెన్' 57 దగ్గర, 'లివింగ్ ఆన్ మై ఓన్' 50 దగ్గర ఆగిపోయాయి. అమెరికాలో ఆల్బమ్ 159వ స్థానం దాటి పైకి రాలేదు. "ఘోర పరాజయం" అనే మాటకు మూలం ఎక్కువగా ఆ 159.

కానీ అమెరికా సంగతి ఈ ఒక్క ఆల్బమ్‌తో తేలేది కాదు. 1980లో 'ద గేమ్'తో అక్కడ మొదటి స్థానంలో నిలిచిన క్వీన్, 1984లో 'ద వర్క్స్' వచ్చేసరికి 23వ స్థానానికి దిగింది. 1982 తరువాత ఫ్రెడ్డీతో కలిసి ఆ బృందం అమెరికాలో పర్యటించనే లేదు. బృందాన్నే మరచిపోతున్న శ్రోతలు అందులో ఒక్కడు చేసిన ఆల్బమ్‌ను వెతుక్కుంటూ వస్తారని ఎలా అనుకుంటాం? పైగా ఈ పాటల కోసం ఫ్రెడ్డీ ప్రత్యేకంగా కచేరీ యాత్ర ఏదీ చేయలేదు. వేదిక మీద పదివేల మందిని ఒక్క చేతి సైగతో ఆడించగల మనిషి ఈ పాటలను వేదిక ఎక్కించలేదు. ఆల్బమ్‌కు జరిగిన అతి పెద్ద నష్టం అదేనని నా అభిప్రాయం.

2018లో వచ్చిన 'బొహీమియన్ రాప్సొడీ' సినిమా ఈ అపోహను ఇంకాస్త పెంచింది. సోలో ఒప్పందం కోసం ఫ్రెడ్డీ మిత్రులకు ద్రోహం చేసినట్టు, బృందం విడిపోయి, ఇథియోపియా కరవు బాధితుల సాయానికి జరిగిన భారీ కచేరీ లైవ్ ఎయిడ్ కోసం మళ్లీ కలిసినట్టు అందులో చూపించారు. జరిగింది వేరు. డ్రమ్మర్ రోజర్ టేలర్ 1981లోనే సొంత ఆల్బమ్ తెచ్చాడు. గిటారిస్టు బ్రయన్ మే 1983లో తన సొంత రికార్డు తెచ్చాడు. ఫ్రెడ్డీ వంతు వాళ్ల తరువాతే వచ్చింది. ఆల్బమ్ విడుదలైన 1985 ఏప్రిల్, మే నెలల్లో క్వీన్ ఆస్ట్రేలియాలోనూ జపాన్‌లోనూ కచేరీలు చేస్తూనే ఉంది. లైవ్ ఎయిడ్ జూలై 13న జరిగింది. విడిపోయిన వాళ్లు కలవడానికి మధ్యలో వ్యవధే లేదు. ఆల్బమ్ లోపలి అట్ట మీద, తన పనిలో వేలు పెట్టనందుకు మిగతా ముగ్గురికీ ఫ్రెడ్డీ కృతజ్ఞతలు చెప్పుకున్నాడు. ఆల్బమ్‌నేమో తన పిల్లులకు అంకితమిచ్చాడు, మొదటి పేరు జెర్రీది. ఆ పేజీ చదివినప్పుడల్లా ఆ మనిషి మీద ఇష్టం పెరుగుతుంది.

ఇక వాద్యాల సంగతి. మ్యూనిక్‌లోని మ్యూజిక్‌లాండ్ స్టూడియోలో, క్వీన్‌తో 'ద గేమ్' నుంచి పనిచేస్తున్న నిర్మాత మ్యాక్‌తో కలిసి ఫ్రెడ్డీ దీన్ని తయారుచేశాడు. స్టూడియో అదే, నిర్మాత అతనే, కానీ వాయించినవాళ్లు వేరు. కీబోర్డు మీద ఫ్రెడ్ మాండెల్, డ్రమ్స్ మీద కర్ట్ క్రెస్, గిటారు మీద పాల్ విన్సెంట్. పాటల్లో సింథసైజర్లు (ఎలక్ట్రానిక్ ధ్వనులు పుట్టించే కీబోర్డులు) ముందుంటాయి, గిటారు వెనక ఎక్కడో ఉంటుంది. టైటిల్ పాటలో పూర్తి ఆర్కెస్ట్రా ఉంది. 1982లో 'హాట్ స్పేస్'తో క్వీన్ డ్యాన్స్ సంగీతం వైపు మొగ్గినప్పుడే రాక్ అభిమానులు నొచ్చుకున్నారు. మూడేళ్లకు ఇది చేతికి వచ్చేసరికి వాళ్లకు అదే గాయం మళ్లీ రేగింది.

వాళ్ల ఫిర్యాదులో నిజం ఎక్కడుందంటే: క్వీన్ పాటల్లో ఫ్రెడ్డీ ఒక వాక్యం పాడి ఆపగానే బ్రయన్ గిటారు దానికి బదులు చెబుతుంది. కచేరీలో గాత్రం వదిలిన చోట వయొలిన్ అందుకున్నట్టు. ఈ ఆల్బమ్‌లో ఆ బదులు చెప్పేవాళ్లు లేరు. 'ఫూలిన్ అరౌండ్', 'యువర్ కైండ్ ఆఫ్ లవర్' లాంటి పాటల్లో డ్రమ్స్ ఒకే బరువుతో కొట్టుకుపోతుంటాయి, గొంతు ఎంత ఎగసినా ఎదురు పలికే ధ్వని ఉండదు. ఈ రెండూ నేను ఇప్పటికీ దాటేసే పాటలే.

అయితే ఆల్బమ్ అంతా అలా లేదు. 'దేర్ మస్ట్ బీ మోర్ టు లైఫ్ దాన్ దిస్' వినండి. పియానో మీద నెమ్మదిగా నడిచే పాట. దీన్ని 1983లో మైకేల్ జాక్సన్‌తో కలిసి రికార్డు చేసే ప్రయత్నం జరిగింది, ఆ రూపం 2014లో గాని బయటికి రాలేదు. 'లవ్ మీ లైక్ దేర్స్ నో టుమారో'లో ఆయన కేకలేమీ వేయడు. ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషికి చెప్పుకుంటున్నట్టు పాడతాడు. స్టేడియం గాయకుడని ముద్రపడిన వాడి దగ్గర ఇంత దగ్గరితనం క్వీన్ పాటల్లో కూడా అరుదుగానే దొరుకుతుంది.

నా మటుకు అసలు పరీక్ష 'మేడ్ ఇన్ హెవెన్'. ఫ్రెడ్డీ 1991 నవంబరులో చనిపోయాక, మిగతా ముగ్గురూ ఆయన గొంతును ఉంచి చుట్టూ వాద్యాలను కొత్తగా కట్టి 1995లో అదే పేరుతో క్వీన్ ఆల్బమ్ తెచ్చారు. నేను ముందు విన్నది ఆ రూపమే. అన్నయ్య కొన్న క్యాసెట్టులో. 1985 పాట చేతికి వచ్చాక రెండింటినీ హెడ్‌ఫోన్లలో ఒకదాని వెంట ఒకటి పెట్టుకుని విన్నాను. పాతదానిలో పియానో, సింథసైజర్ల మధ్య గొంతు తేలుతూ ఉంటుంది. కొత్తదానిలో రోజర్ డ్రమ్స్ గోడలా లేస్తాయి, బ్రయన్ గిటార్లు పొరలు పొరలుగా వచ్చి కమ్ముకుంటాయి. పాడిన తీరు మాత్రం ఒకటే: ఊపిరి తీసుకున్న చోటు ఒకటే, పై స్థాయిలో స్వరాన్ని నిలిపి సన్నగా కంపింపజేసిన చోటు ఒకటే. పాట పేరు చెప్పకుండా రెండింటినీ సంగీతం తెలిసిన ఒక స్నేహితురాలికి వినిపించాను. రెండోది విన్నాక ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "దీన్ని మళ్లీ పాడలేదు కదా?" అని. తరువాత, గొంతు కోసం వినాలంటే పాతదే మేలని అంది. బీటు, గిటారు కలిసి ఊపేసే అనుభవం కావాలంటే కొత్తదే. నాకూ సరిగ్గా అలాగే అనిపిస్తుంది.

1985లో పాడిన గొంతు మీదే పదేళ్ల తరువాత క్వీన్ తన భవనాన్ని లేపగలిగిందంటే, పాటలో లోటు ఉందని ఎవరైనా ఎలా అంటారు? 'ఐ వాజ్ బార్న్ టు లవ్ యూ' కూడా అలాగే ఆ ఆల్బమ్‌లో చేరింది. 2004లో జపాన్‌లో ఒక టీవీ ధారావాహికకు అదే శీర్షిక గీతమై, అక్కడ క్వీన్ పాటలకు మళ్లీ పెద్ద ఊపు తెచ్చింది. 'లివింగ్ ఆన్ మై ఓన్' కథ మరీ విడ్డూరం. 1985లో 50 దగ్గర ఆగిన ఆ పాటను నో మోర్ బ్రదర్స్ అనే బృందం రీమిక్స్ చేస్తే, 1993లో బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. ఫ్రెడ్డీ పేరు మీద అలా చేరిన సోలో సింగిల్ అదొక్కటే. చూడటానికి ఆయన లేడు.

పైన చెప్పిన లోటు, ఎదురు పలికే గొంతు లేకపోవడం, ఆయనకూ తెలిసే ఉంటుందని నేను ఊహిస్తాను. ఎందుకంటే తరువాతి ఆల్బమ్ 'బార్సెలోనా' (1988) కోసం ఆయన ఎంచుకున్నది ఒపేరా గాయని మోన్సెరాట్ కబాయేను. అక్కడ ప్రతి వాక్యానికీ బదులు వస్తుంది, అదీ తనకు ఏమాత్రం తగ్గని గొంతులో.

వినాలనుకుంటే 2019లో వచ్చిన రూపంతో మొదలుపెట్టండి. గొంతు, ఒక్కో వాద్యం విడివిడిగా రికార్డయిన అసలు మల్టీట్రాక్ టేపుల దగ్గరికి వెళ్లి కొత్తగా మిక్స్ చేశారు. నా చెవికి గొంతు ఇందులో ఇంకా స్పష్టంగా, దగ్గరగా వినిపిస్తుంది. మొదటిసారే పదకొండు పాటలూ వరసగా వినకండి. 'మేడ్ ఇన్ హెవెన్', 'దేర్ మస్ట్ బీ మోర్ టు లైఫ్ దాన్ దిస్', 'లవ్ మీ లైక్ దేర్స్ నో టుమారో', ఆ తరువాత టైటిల్ పాట. ఇవి నచ్చితే మిగతావి. 'లివింగ్ ఆన్ మై ఓన్'ను మాత్రం రీమిక్స్ కంటే ముందు ఆల్బమ్‌లో ఉన్న రూపంలోనే వినండి. మధ్యలో ఆయన మాటలు వదిలేసి ఉత్త ధ్వనులతో గొంతును పరుగెత్తించే చోటు ఒకటి వస్తుంది. అక్కడ శబ్దం కాస్త పెంచండి.