సొసైటీని బ్యాంకుగా మారిస్తే పన్ను మినహాయింపు ఉంటుందా?

ప్రశ్న: మాది 1995 పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరైన పొదుపు సంఘం. బ్యాంకు లైసెన్సుకు వెళ్దామని కొందరు డైరెక్టర్లు అంటున్నారు. పన్ను మినహాయింపు పోతుందేమోనని టెన్షన్. పెద్ద మొత్తం వాటాగా పెడతానంటున్న సభ్యుడొకరు పెత్తనం కూడా అడుగుతున్నారు. ఏం చేయాలి?
- ఒక కార్యదర్శి, గుంటూరు జిల్లా

జవాబు: పోతుంది. సభ్యులకు అప్పులిచ్చి సంపాదించిన లాభానికి 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 80పి పూర్తి మినహాయింపు ఇచ్చింది. 2006 ఫైనాన్స్ చట్టం సహకార బ్యాంకులకు దాన్ని తీసేసింది, ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘాల వంటి వాటి జోలికి మాత్రం పోలేదు. 2025 కొత్త చట్టంలో సెక్షన్ నంబరు మారింది గానీ ఈ తేడా అలాగే ఉంది.

రిజర్వు బ్యాంకు లైసెన్సు లేనంతకాలం మీది బ్యాంకు కాదు, కాబట్టి ఆ వేటు మీ మీద పడదు. కేరళకు చెందిన మావిలాయి సహకార సంఘం కేసులో 2021లో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. అలాగని ధీమా వద్దు. హైదరాబాద్‌కు చెందిన సిటిజన్ కో-ఆపరేటివ్ సొసైటీ కూడా మొదట మీ చట్టం కిందే రిజిస్టరైంది. పేరుకు మాత్రమే సభ్యులైన 'నామినల్' వాళ్ల దగ్గర డిపాజిట్లు తీసుకుని, బయటివాళ్లకు అప్పులిచ్చినందుకు 2017లో సుప్రీంకోర్టు మినహాయింపు నిరాకరించింది. మీ చట్టంలో అలాంటి సభ్యత్వమే లేదు. కాబట్టి ముందు సభ్యుల రిజిస్టరు తెరిచి చూడండి. నా దగ్గరికి వచ్చే సంఘాల్లో చాలావాటికి అసలు జబ్బు అక్కడే.

ఇక ఆ పెద్దమనిషి సంగతి. సహకార సంఘంలో ఎన్ని వాటాలున్నా మనిషికి ఒక్క ఓటే. బయటికి వెళ్లేటప్పుడు వాటాకు ముఖవిలువే, అంటే వాటా మీద రాసి ఉన్న ధరే, చేతికొస్తుంది. సహకార పట్టణ బ్యాంకైనా అంతే, పైగా ఒక వ్యక్తి వాటా మూలధనంలో 5 శాతం దాటకూడదు. పెట్టుబడిని బట్టి ఓటు కావాలంటే కంపెనీ కావాల్సిందే. సహారన్‌పూర్‌లోని శివాలిక్ సహకార బ్యాంకు 2021లో స్మాల్ ఫైనాన్స్ బ్యాంకు (కంపెనీగా నడిచే చిన్న బ్యాంకు) అయింది ఈ దారిలోనే. కానీ దానికి 100 కోట్ల నికర విలువ (ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే మిగిలేది) ఉండాలి, ఐదేళ్లలో అది 200 కోట్లకు చేరాలి. మీకిప్పట్లో అందే మాట కాదు.

తమాషా ఏమిటంటే, లైసెన్సు వచ్చాక సహకార బ్యాంకైనా కంపెనీ అయినా, ఇతర మినహాయింపులు వదులుకుంటే 22 శాతం పన్ను రేటునే ఎంచుకోవచ్చు. అంటే బ్యాంకు అయ్యాక పన్ను కోసం సహకార రూపాన్ని పట్టుకు వేలాడాల్సిన పని లేదు, మనిషికో ఓటు అన్న పద్ధతి కావాలనుకుంటేనే ఆ రూపం.

నన్నడిగితే ఇప్పటికి సంఘంగానే ఉండండి. బోర్డు మీద 'బ్యాంకు' అన్న మాటుంటే చెరిపేయండి, బ్యాంకింగ్ నియంత్రణ చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత అది కుదరదు. రిటర్ను గడువులోగా వేయండి, ఆలస్యమైతే ఉన్న మినహాయింపూ పోతుంది.