సైడ్ హౌసింగ్ నునుపు చేసినా కంప్రెషన్ పెరగకపోతే

గీతలు పోయాయి, సీళ్లు అరగదీసిన గుంట పోలేదు. మీ 13బి (మాజ్డా రోటరీ ఇంజను) సైడ్ హౌసింగ్‌లను, అంటే రోటర్‌కు పక్కల ఉండే పలకలను, ఎమెరీ కాగితంతో రుద్ది, రోటర్ పక్కల్లో గ్యాసు కారకుండా ఆపే కొత్త సైడ్ సీళ్లు వేసినా కంప్రెషన్ తక్కువగానే ఉండటానికి ఎక్కువగా ఇదే కారణం. చేతితో రుద్దితే కాగితం గుంటలోకి దిగి దాన్ని మెరిపిస్తుంది, అంతే.

1. సీలు తిరిగిన జాడకు అడ్డంగా డయల్ గేజ్‌తో (సన్నని ఎత్తుపల్లాలు కొలిచే పరికరం) కొలవండి. గుంట అంచు దగ్గరి మెట్టు 0.10 మి.మీ. దాటితే రుద్దడం దండగ.

2. బోల్టు రంధ్రాల అంచులతో సహా ముఖం మొత్తాన్ని మెషీన్ మీద ఒకే మట్టానికి లాపింగ్ (పేస్టుతో సమంగా అరగదీయడం) చేయించండి.

3. అందరూ మరిచిపోయేది ఇక్కడే. లాపింగ్‌లో గట్టి నైట్రైడ్ పొర (నైట్రోజన్‌తో గట్టిపరచిన పైపొర) లేచిపోతుంది. కింద మిగిలేది మెత్తటి పోత ఇనుము, కొత్త సీళ్లు దాన్ని త్వరగా అరగదీస్తాయి. మళ్లీ నైట్రైడింగ్ చేయించండి. ఆ వేడికి హౌసింగ్ వంగే అవకాశం ఉంది కనుక స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నని ఉక్కు బద్ద) పెట్టి చూడండి, వంపు 0.04 మి.మీ. మించకూడదు.

4. ఆయిలు దారుల్లో లాపింగ్ పేస్టు రేణువు ఒక్కటి కూడా మిగలకుండా కడగండి. బేరింగులు దానికే పోతాయి.

రోటర్ హౌసింగ్ లోపలి క్రోమ్ పూతను మాత్రం దయచేసి రుద్దకండి.