ఆర్డెన్ హత్య రంగానికెక్కించే ముందు

అమ్మాయీ,

'ఆర్డెన్ ఆఫ్ ఫేవర్‌షమ్' నాటకం వేస్తున్నావని విన్నాను. ఇంగ్లండులోని ఫేవర్‌షమ్ ఊళ్లో ఆలిస్ తన ప్రియుడు మోస్బీతో కలిసి, బ్లాక్ విల్, షేక్‌బ్యాగ్ అనే కిరాయి హంతకులను పెట్టి భర్త ఆర్డెన్‌ను చంపించే కథ కదా. పోస్టరు మీద షేక్‌స్పియర్ పేరొక్కటే వేయకు. 1592లో అచ్చయిన తొలి ప్రతిలో కర్త పేరే లేదు. 1770లో ఆ ఊరివాడే అయిన ఎడ్వర్డ్ జేకబ్ ఇది షేక్‌స్పియర్‌దన్నాడు. కొందరు ఆ కాలపు మరో నాటకకర్త థామస్ కిడ్‌దంటారు. 2016 నాటి న్యూ ఆక్స్‌ఫర్డ్ ప్రచురణ షేక్‌స్పియర్‌కూ పేరు తెలియని మరొకరికీ కలిపి ఇచ్చింది. షేక్‌స్పియర్ చెయ్యి పడిందని పండితులు ఎక్కువగా చూపించేది ఆలిస్, మోస్బీ తగువులాడుకునే ఎనిమిదో రంగం. అందులో మాత్రం కత్తెర పెట్టకు. కోతంతా మొదటి రంగంలో పెట్టు, అదొక్కటే ఆరువందల పంక్తులు దాటుతుంది. తన నేల లాక్కున్నాడని ఆర్డెన్‌కు డిక్ రీడ్ పెట్టే శాపం అనవసరంగా కనబడుతుంది గానీ, తీసేస్తే నాటకం ముగింపుకు ఆధారం పోతుంది.

పాత్రలు కలిపేటప్పుడు పడవవాణ్ణీ రీడ్‌నీ ఒకే నటుడికి ఇవ్వకు. వెంటవెంటనే వస్తారు, వేషం మార్చే వ్యవధి ఉండదు. లార్డ్ చేనీనీ మేయర్‌నీ ఒకరికే ఇవ్వచ్చు.

1551 ఫిబ్రవరిలో నిజంగా జరిగిన హత్య కదా అని మొదటినుంచీ గంభీరంగా నడిపితే జనం నవ్వకూడని చోట నవ్వుతారు. విషం కలిపిన జావ పారదు, బ్లాక్ విల్ నెత్తిన దుకాణం తలుపు పడుతుంది, పొగమంచులో దారి తప్పి షేక్‌బ్యాగ్ గుంటలో పడతాడు. నటులు పట్టుదలగా, ఏమాత్రం వెకిలితనం లేకుండా చేస్తే నవ్వు దానంతటదే వస్తుంది. పొగమంచుకు పొగ మిషను వద్దు. పూర్తి వెలుతురులోనే చేతులు చాచి తడుముకోమను, ఎలిజబెత్ కాలంలో అలాగే ఆడేవాళ్లు. పడే తలుపుకు తేలిక చెక్క వాడి, నెత్తికి జానెడు పైనే ఆగేలా గొలుసు కట్టు. దెబ్బ చప్పుడు లోపలినుంచి ఎవరైనా చెక్కతో కొట్టాలి. ఆలిస్ జావను నేలకేసి కొడుతుంది. గట్టిగా కాచిన ఓట్స్ వాడి, వెంటనే తుడిచే మనిషిని పెట్టు. లేకపోతే తర్వాత వచ్చేవాడు జారతాడు.

ఎక్కువ రిహార్సళ్లు కావలసింది హత్య జరిగే పద్నాలుగో రంగానికి. మోస్బీ కుర్చీలో, ఆర్డెన్ వీపు ఆనించుకోలేని స్టూలు మీద కూర్చోవాలి. విల్ వెనకనుంచి వచ్చేందుకే ఆ ఏర్పాటు. పాచికలాటలో 'ఇక నిన్ను పట్టేయగలను' అన్న మోస్బీ మాటే సంకేతం. పాచికల చప్పుడులో అది మునిగిపోతే విల్ ఆలస్యమవుతాడు, అందుకే పాచికలు వేసే పెట్టెలో గుడ్డ పరిపించు. ఆర్డెన్‌ను వెనక్కి లాగడానికి విల్ వేసే తువ్వాలు గట్టి నూలుది, రెండు మీటర్ల పొడవుది కావాలి. మెడకు ఎప్పుడూ వేయొద్దు. చంకల కిందుగా ఛాతీ మీదికి రావాలి. వెనక్కి పడేది ఆర్డెన్ తన బలంతోనే, విల్ లాగినట్టు నటిస్తాడంతే. మోస్బీ, షేక్‌బ్యాగ్, ఆలిస్ ఒకరి తర్వాత ఒకరు పొడుస్తారు. లోపలికి జారే బ్లేడు కత్తులు సరిగ్గా సమయానికే ఇరుక్కుంటాయి. మొద్దు కత్తితో, జనానికి కనబడకుండా ఒంటికి అవతలి పక్కన పొడిపించు. ప్రతి ఆట ముందూ ఈ ఘట్టాన్ని నెమ్మదిగా ఒకసారి చేయించు.

నెత్తురు కడిగినా పోదు అన్నది ఇక్కడి కీలకం. ఒంటిమీది నకిలీ నెత్తురుకు గ్లూకోజ్ సిరప్, ఎర్ర ఫుడ్ కలర్, చిటికెడు కోకో, కొద్దిగా పాత్రలు తోమే ద్రవం కలిపితే బట్టలనుంచి వదులుతుంది. ఏ గుడ్డకైనా ముందు ఒక మూల పరీక్షించు. నేలమీది మరకను మాత్రం నేలగుడ్డ మీద ముందే రంగుతో వేసి, పైన ఎండుగడ్డి కప్పు. పనిపిల్ల సూసన్ ఆ గడ్డిని తోసి రుద్దుతుంటే మరక అక్కడే ఉంటుంది. గడ్డిని జానెడు ముక్కలుగా కోసి, దుమ్ము లేచి తుమ్ములు రాకుండా కాస్త తడి చల్లాలి. కొన్ని పోచలు ఆర్డెన్ చెప్పుల్లో ముందే కుట్టేయ్. శవాన్ని పొలంలో పడేశాక పట్టిచ్చేవి అవే. కత్తినీ తువ్వాలునూ బావిలో వేయడం నౌకరు మైకేల్ మరచిపోతాడు కాబట్టి అవి జనానికి కనబడేచోటే మిగలాలి.

తర్వాత శవం ముందుకు ఆలిస్‌ను తెస్తారు, గాయాలు మళ్లీ నెత్తురు కారుస్తాయి. చొక్కా కింద తడిపిన స్పాంజి పెట్టి ఆర్డెన్ మోచేత్తో నొక్కాలి. పడుకున్నవాడు దగ్గకుండా చూసుకో.

చివర ఆర్డెన్ స్నేహితుడు ఫ్రాంక్లిన్, పొలంలో గడ్డిమీద రెండేళ్లకు పైగా శవం అచ్చు కనబడిందని చెబుతాడు. అది రీడ్‌నుంచి ఆర్డెన్ లాక్కున్న నేల. ఆ మాటలప్పుడు నటుణ్ణి ఇంట్లోని మరక వైపు చూడనివ్వకు. రెండు అచ్చులూ ఒకటే అనుకుంటే రీడ్ శాపం జనం మనసులోంచి జారిపోతుంది.

ఆశీస్సులతో,
పెదనాన్న