ముందు పత్తి ఆరబెట్టు తమ్ముడూ

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. వాన పడితే, ఎనుమాముల మార్కెట్లో ధర పడిపోతే, అప్పిచ్చినాయన నలుగురిలో అడిగితే అన్న టెన్షన్‌తో రాత్రంతా నిద్ర లేదన్నావు. ఇవేవీ ఇంకా జరగలేదు కదా. మధ్యలో ఒక్క మాట అని వదిలేశావు, ఇంట్లో పత్తి తడిగా ఉందని. అసలు సమస్య అదే! తేమ 12 శాతం దాటితే సీసీఐ (పత్తి కొనే ప్రభుత్వ సంస్థ) వాళ్లు కొనరు, 8 దాటితే ధర తగ్గిస్తారు.

రేపు ఎండ రాగానే టార్పాలిన్ మీద పల్చగా ఆరబెట్టు, మధ్యాహ్నం తిరగెయ్యి, మంచు పడకముందే లోపలికి తియ్యి. పోయినేడు నేను ధర గురించే ఆలోచిస్తూ కుప్ప కదపలేదు, అడుగు పత్తంతా పసుపెక్కింది. ఆ బాధ నీకొద్దు. అప్పు సంగతి అమ్మాక మాట్లాడదాం, కావాలంటే నేనూ వెంట వస్తాను. ఆరాక తేమ ఎంతుందో రాయి.