‘హత్య కాని నరహత్య’ ఉంటుందా?

ప్రశ్న: కోర్టు వార్తల్లో ‘హత్య కాని నేరపూరిత నరహత్య’ అని చదివాను. నరహత్య అనే మాటలోనే హత్య ఉంది కదా, ఇది వదతోవ్యాఘాతం (తనను తానే ఖండించుకునే మాట) కాదా? అలాగే ‘ఆత్మరక్షణ కోసం హత్య చేశాడు’, ‘ముద్దాయికి ఉరిశిక్ష ఖరారు’ అనేవి సాధు ప్రయోగాలేనా? యావజ్జీవం అంటే 14 ఏళ్లేనంటారు, నిజమేనా?

సమాధానం: వ్యాకరణం వరకే చూస్తే మీ సందేహం సబబే. సంస్కృతంలో ‘హత్య’ అంటే చంపడం, అంతే. నేరమా కాదా అన్న తీర్పు ఆ మాటలో లేదు. పైగా పాణిని ‘హనస్త చ’ అనే సూత్రంతో ఈ రూపాన్ని సాధించింది ముందు మరో పదం ఉన్నప్పుడే: బ్రహ్మహత్య, గోహత్య, భ్రూణహత్య. ఒంటరిగా వాడాలంటే ‘ఘాతం’ అనాలి. తెలుగులో ‘హత్య’ ఒంటరిగానే ఎన్నడో స్థిరపడింది, దాన్నిప్పుడు తప్పనడం చాదస్తం.

చట్టం సంగతి వేరు. అక్కడ ‘హత్య’ పారిభాషిక పదం. భారతీయ న్యాయ సంహిత 100వ సెక్షన్ నేరపూరిత నరహత్య అంటే ఏమిటో చెబుతుంది, అందులో ఏది హత్య అవుతుందో 101వ సెక్షన్ చెబుతుంది. అంటే నరహత్య పెద్ద వర్గం, హత్య అందులో ఒక భాగం. హత్యలన్నీ నేరపూరిత నరహత్యలే, నేరపూరిత నరహత్యలన్నీ హత్యలు కావు. మీరు చదివిన మాటలో వ్యాఘాతం లేదు, వినడానికి ఎబ్బెట్టుగా ఉంటుందంతే.

ఈ తేడాను సుప్రీంకోర్టు తేటగా వివరించిన 1976 నాటి తీర్పు మన తెలుగు నేల మీది కేసులోదే. అప్పటి గుంటూరు జిల్లా రొంపిచర్ల ఊరి పాత కక్షలతో ఒకరిని బరువైన కర్రలతో చేతుల మీద, కాళ్ల మీద కొట్టారు. ఆయన చనిపోయాడు. ఆయువుపట్టు మీద కొట్టలేదు కాబట్టి హత్య కాదని హైకోర్టు శిక్ష తగ్గించింది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. కావాలని చేసిన ఆ గాయాలు మామూలుగా ప్రాణం తీయడానికి చాలినవైతే, ఎక్కడ కొట్టారన్న దానితో పని లేకుండా అది హత్యేనంది. తూకం వేసేది ఉద్దేశాన్నీ ఎరుకనూ, దెబ్బల బలాన్నీ.

పేరు మారితే శిక్ష మారుతుంది. హత్యకు 103వ సెక్షన్ కింద మరణశిక్ష గానీ యావజ్జీవం గానీ పడుతుంది, జరిమానా అదనం. ఇంతకు తగ్గించే వీలు న్యాయమూర్తికి లేదు. హత్య కాని నరహత్యకు 105వ సెక్షన్ ఉంది. చంపే ఉద్దేశమో, ప్రాణం తీయగల గాయం చేసే ఉద్దేశమో ఉంటే యావజ్జీవం, లేదా 5 నుంచి 10 ఏళ్లు. ఉద్దేశం లేకుండా, ప్రాణం పోవచ్చన్న ఎరుక మాత్రమే ఉంటే 10 ఏళ్ల వరకు. నిర్లక్ష్యంతో ప్రాణం పోతే 106వ సెక్షన్ కింద 5 ఏళ్ల వరకు. అందుకే హత్య కేసులో వకీలు ప్రతిసారీ ‘మా క్లయింటు చేయలేదు’ అనే వాదించడు. చంపినట్టు సాక్ష్యం గట్టిగా ఉంటే, కేసును 103 నుంచి 105కు దించడానికే ఆయన పాటుపడతాడు.

దించడానికి బాగా వాడుకలో ఉన్న దారి పత్రికలు ‘క్షణికావేశం’ అనే దానికి దగ్గరిది. చట్టానికి ఆవేశం ఒక్కటే చాలదు. ఎదుటివాడు రెచ్చగొట్టడం తీవ్రంగానూ ఉండాలి, ఆకస్మికంగానూ ఉండాలి, ఆ ఊపులో మనిషి నిగ్రహం కోల్పోయి ఉండాలి. తానే గొడవ రేపి రెచ్చిపోతే కుదరదు. నౌకాదళ అధికారి నానావతి తన భార్య ప్రియుణ్ణి కాల్చి చంపిన కేసులో, ఆమె తన సంబంధం సంగతి చెప్పిన మాటకూ కాల్పులకూ మధ్య సుమారు మూడు గంటలు గడిచాయి, నడుమ ఆయన ఓడకు వెళ్లి రివాల్వర్ తెచ్చుకున్నాడు. మనసు చల్లబడేంత వ్యవధి ఉందంటూ 1961లో సుప్రీంకోర్టు దాన్ని హత్యగానే నిలిపింది. అలాంటి సంఘటనకు ‘క్షణికావేశంలో హత్య’ అని శీర్షిక పెడితే రెండు విధాలా తప్పు. క్షణికమైతే హత్య కాకపోవచ్చు, హత్య అయితే క్షణికం కాదని కోర్టు తేల్చినట్టు.

‘ఆత్మరక్షణ కోసం హత్య చేశాడు’ అనేది కచ్చితంగా తప్పు. రక్షణ హక్కుకు లోబడి చేసినది అసలు నేరమే కాదని 34వ సెక్షన్. నేరమే కానిది హత్య ఎలా అవుతుంది? ‘ఆత్మరక్షణలో చంపాడు’ అనండి. ఆపదకు మించి, కానీ సద్బుద్ధితోనే హద్దు దాటితే అది హత్య కాని నరహత్య. పారిపోతున్నవాణ్ణి వెంటాడి నరికితే ఈ వాదన చాలాసార్లు వీగిపోతుంది, ఎందుకంటే ఆపద తొలగాక హక్కు ఉండదు. మరో చిక్కు ‘ఆత్మ’తో. చట్టం ఇతరుల ప్రాణాన్నీ, కొన్ని సందర్భాల్లో ఆస్తినీ కాపాడుకోనిస్తుంది. పక్కింటివాణ్ణి కాపాడబోయి చంపితే ‘ఆత్మరక్షణ’ అతకదు, ‘రక్షణ హక్కు’ అంటే సరిపోతుంది. ఇలాంటి మినహాయింపును రుజువు చేసుకునే భారం నిందితుడిదే. అయితే ప్రాసిక్యూషన్‌లా సందేహానికి తావు లేకుండా రుజువు చేయనక్కర్లేదు, ఎక్కువ సంభావ్యం అనిపిస్తే చాలు.

‘ముద్దాయి’ కథ తమాషా. ఉర్దూలో ముద్దయీ అంటే వాది, దావా వేసినవాడు. ప్రతివాది ముద్దాలే. తెలుగులో అది తలకిందులై నేరం మోపబడినవాడికి అంటుకుంది. ‘ఖూనీ’దీ అదే దారి: ఉర్దూలో ఖూనీ అంటే హంతకుడు, మనకు హత్య. మనిషి కోసం ‘ఖూనీకోరు’ను వేరే కల్పించుకున్నాం. తెలుగు కోర్టు వాడుకలో ముద్దాయి, నిందితుడు ఒకటే, రెండూ తీర్పు దాకానే. నేరం రుజువయ్యాక ‘దోషి’. అరెస్టు రోజునే ‘హంతకుడు’ అని రాయడం అన్యాయం. ‘విడుదల’ కూడా జాగ్రత్తగా వాడాలి. బెయిలుపై విడుదలైనవాడు ఇంకా నిందితుడే. సంశయలాభంతో బయటపడినవాడు నిర్దోషి.

‘ఉరిశిక్ష ఖరారు’ సెషన్స్ కోర్టు తీర్పుకు చెల్లదు. ఆ కోర్టు మరణశిక్ష విధిస్తుంది, హైకోర్టు ధ్రువీకరించాకే అది ఖరారు. దాని మీద సుప్రీంకోర్టు, ఆపైన క్షమాభిక్ష ఎటూ ఉన్నాయి. బచన్ సింగ్ కేసులో 1980 నాటి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత మరణశిక్ష అరుదైన వాటిలోకెల్లా అరుదైన కేసులకే.

యావత్ + జీవం కలిసి యావజ్జీవం, ప్రాణం ఉన్నంత కాలం. చట్టంలోనూ అర్థం అదే. 14 ఏళ్లు ఎక్కడివంటే, మరణశిక్ష కూడా పడదగిన నేరంలో యావజ్జీవం పడినవాడికి ప్రభుత్వం శిక్ష తగ్గించి విడుదల చేయాలన్నా అన్నేళ్లు లోపల ఉండి తీరాలి. అది కనీస గడువు, శిక్ష కాలం కాదు. 14 నిండగానే తలుపు దానంతట అది తెరుచుకోదు.

మీరు అడగకపోయినా ఒక మాట: వార్తల్లో హత్యకు ఇంకా 302వ సెక్షన్ కనిపిస్తే పొరపాటని తొందరపడకండి. 2024 జులై 1కి ముందు జరిగిన హత్యలకు న్యాయ సంహితకు ముందున్న పాత శిక్షాస్మృతిలోని ఆ సెక్షనే వర్తిస్తుంది.