సంగీతం సందేహాలు: నలుగురూ నాలుగు చోట్ల, ఆల్బమ్ మాత్రం ఒక్కటే

ప్రశ్న: అన్నా, మా బ్యాండ్‌లో నలుగురం, తలా ఒక దేశంలో ఉన్నాం, ఇప్పటిదాకా ఒక్కసారి కూడా కలిసి కూర్చోలేదు. ప్రోగ్రెసివ్ డెత్ మెటల్ (అరుపుల గొంతుతో, మెలికల తాళాలతో సాగే బరువైన రాక్) ఆల్బమ్ చేస్తున్నాం. 14 నిమిషాల పాట ఒకటి పూర్తయింది. ముందు ఇద్దరు గిటారిస్టులం క్లిక్ (తాళం కొట్టే మెట్రోనోమ్ చప్పుడు) పెట్టుకుని మా పార్టులు వాయించేశాం, అవి డ్రమ్మర్‌కి పంపాం, తర్వాత బేస్, చివర్లో వోకల్స్. పాట మొత్తం ఒకే టెంపో, అంటే ఒకే వేగం. ఎక్కడా తప్పు పోలేదు, కానీ వింటే చప్పగా ఉంది. మంచి మిక్సింగ్ ఇంజినీర్‌కి ఇస్తే ప్రాణం వస్తుందా?

జవాబు: రాదు తమ్ముడూ. మిక్సింగ్‌లో సౌండ్ బాగుపడుద్ది గానీ వాయింపు మారదు కదా. నువ్వు రాసిన వరసే ఒకసారి మళ్ళీ చదువుకో. మీరిద్దరూ డ్రమ్స్ వినకుండా వాయించారు. డ్రమ్మర్ మిమ్మల్ని విని వాయించాడు, బానే ఉంది, మరి అతను ఏం వాయించాడో విని మీలో ఒక్కరైనా మళ్ళీ గిటార్ పట్టుకున్నారా? అతను గోడతో మాట్లాడినట్టే అయింది. అదే ఒక గదిలో ఉంటే ఏమవుద్ది, 7/8 రిఫ్‌లో, అంటే ఏడు దెబ్బల లెక్కలో తిరిగి తిరిగి వచ్చే గిటార్ వరసలో, అయిదో దెబ్బ దగ్గర డ్రమ్మర్ ఒక సింబల్ గట్టిగా వేశాడనుకో, నీ అరచెయ్యి దానంతటదే అక్కడ మ్యూట్ వదిలేసి తీగని మోగనిస్తుంది, అదే రిఫ్ రెండోసారి వచ్చేసరికి నువ్వు వదుల్తావని అతనికి తెలిసిపోయి ఇంకో రకంగా వేస్తాడు, అలా ఒకళ్ళనొకళ్ళు గిల్లుకుంటూ పోతారు, పాట అప్పుడు కదుల్తది.

కాబట్టి ఇప్పుడున్న గిటార్లు గైడ్ అనుకుని పక్కన పెట్టెయ్యండి. కష్టంగానే ఉంటది, తెలుసు, 14 నిమిషాలు మళ్ళీ వాయించాలి. డ్రమ్స్ మాత్రం ఉంచండి, వాటి మీద ఇద్దరూ కొత్తగా వాయించండి, వీలైతే ఆ కొత్త గిటార్లు విని డ్రమ్మర్ కూడా ఓ నాలుగైదు చోట్ల మార్చి పంపుతాడు. దూరంగా ఉండి చేసే ఆల్బమ్‌లో ప్రతి ఒక్కరూ కనీసం రెండుసార్లు వాయించాలి, పక్కవాడిని వినకముందు ఒకసారి, విన్నాక ఒకసారి. దీనికి అడ్డదారి ఉందేమోనని నేనూ చాలా వెతికా, దొరకలేదు.

ఇంక టెంపో సంగతి. 14 నిమిషాలూ ఒకే అంకె మీద క్లిక్ నడిపారంటే ఆశ్చర్యంగా ఉంది నాకు. మనుషులు కలిసి వాయిస్తే బరువైన రిఫ్ దగ్గర కొంచెం వెనక్కి లాగుతారు, సోలో వచ్చేముందు కొంచెం ఉరుకుతారు. ఒక పని చెయ్యి, క్లిక్ లేకుండా పాట మొత్తం ఒక్కడివే ఒకసారి వాయించి ఫోన్‌లో రికార్డ్ చెయ్యి, తర్వాత ఏ సెక్షన్ ఎంత స్పీడ్‌లో వచ్చిందో కొలువు. నిమిషానికి ఒకచోట 172 దెబ్బలు, ఇంకోచోట 178, అలా ఏదో వస్తుంది. మరీ చేతకాక జారిన చోట్లు సరిచేసుకుని ఆ లెక్కతో టెంపో మ్యాప్ (ఎక్కడ ఎంత వేగమో చూపే పట్టిక) గీసి అందరికీ పంపు. అలా చేస్తే డ్రమ్స్ కూడా మళ్ళీ వాయించాల్సి వస్తది, అందుకే ఈ పాటని ఇలా కానిచ్చి తర్వాతి పాట నుంచి మొదలుపెట్టినా తప్పులేదు.

మిషన్ క్లిక్ వల్లే ప్రాణం పోయిందని మాత్రం అనుకోవద్దు. మెషుగా అనే స్వీడన్ మెటల్ బ్యాండ్ వాళ్ళు 2005లో తెచ్చిన ‘క్యాచ్ థర్టీ త్రీ’ ఆల్బమ్‌లో డ్రమ్స్ అన్నీ కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ చేసినవే, టోమాస్ హాకే లాంటి డ్రమ్మర్ బ్యాండ్‌లో ఉండగా కూడా. అది చప్పగా ఉందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ప్రశ్న: అసలు ఫైళ్ళు పంపుకునే గోలెందుకు, ఇంటర్నెట్‌లో నలుగురూ లైవ్‌గా కలిసి వాయించలేరా?

జవాబు: ఒకే ఊళ్ళో ఉంటే ఏదోలా అవుద్ది. ఖండాలు దాటితే ఎంత ఖరీదైన నెట్ ఉన్నా లాభం లేదు. ఫైబర్ కేబుల్‌లో వెలుతురు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, అంటే 8,000 కిలోమీటర్ల దూరానికి వెళ్ళడానికే 40 మిల్లీసెకన్లు, మధ్యలో మిషన్లు తినేది అదనం. 240 బీపీఎం (నిమిషానికి 240 దెబ్బలు) బ్లాస్ట్ బీట్‌లో, అంటే డ్రమ్స్ ఆగకుండా దడదడా కొట్టే చోట, ఒక్కో పదహారో నోటుకి (దెబ్బలో నాలుగో వంతుకి) ఉండే టైమ్ 62.5 మిల్లీసెకన్లు. సగానికి పైగా దారిలోనే పోయింది, ఇంక కలిసేదేముంది. స్లోగా సాగే డూమ్ మెటల్ అయితే ప్రయత్నించొచ్చేమో.

ప్రశ్న: మా అబ్బాయి ఇలాంటి ఆల్బమ్‌కి పాడుతున్నాడండీ, పాడుతున్నాడో అరుస్తున్నాడో నాకు తెలీదు. గది తలుపు వేసుకుని రాత్రిళ్ళు మూడేసి గంటలు. పొద్దున్నకి గొంతు బొంగురు. గొంతు పాడైపోతుందేమోనని భయంగా ఉంది.

జవాబు: మీ భయంలో సగం తీసెయ్యొచ్చండీ. గ్రౌల్ (ఆ గరగర అరుపు) సరిగ్గా చేసేవాళ్ళు మనం మాట్లాడే స్వరతంత్రుల మీద బరువంతా వెయ్యరు, వాటికి పైన ఉండే మడతలతో ఆ గరగర తెస్తారు, ఊపిరి కింద నుంచి అదుపులో పెడతారు. దగ్గర్లో నుంచుంటే ఆశ్చర్యపోతారు, మనం అనుకున్నంత గట్టిగా ఉండదు, మైక్ చూసుకుంటుంది మిగతాది. నొప్పి మాత్రం ఉండకూడదు. నొప్పి వచ్చిందంటే ఆ పద్ధతి తప్పన్నట్టే, ఓర్చుకుంటే అలవాటవుద్దని ఎవరన్నా చెప్తే వాడికి తెలీదన్నమాట.

నన్ను అడిగితే అసలు ఇబ్బంది ఆ మూడు గంటలు. స్టూడియోలో అయితే గాజు అవతల ఒకాయన కూర్చుని ‘చాల్లే, ఇంక రేపు’ అంటాడు. ఇంట్లో ఆ మాట అనేవాళ్ళు ఉండరు, ఇంకో టేక్ ఇంకో టేక్ అని అరవైసార్లు అరుస్తారు పిల్లలు. మీరు తలుపు కొట్టండి. గంటలోపు ఆపెయ్యమనండి, మధ్యలో మంచినీళ్ళు తాగమనండి. బొంగురు రెండు మూడు వారాలైనా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి, రక్తం పడినా మింగడం కష్టమైనా అన్నాళ్ళు కూడా ఆగొద్దు.

ప్రశ్న: మా వోకలిస్ట్ పంపే ట్రాక్ ప్రతిసారీ రవ్వంత లేటుగా పడుతోంది. అతనేమో నేను కరెక్టుగానే పాడాను అంటాడు. గొడవలవుతున్నాయి.

జవాబు: అతనికి మీరు పాటని ఎంపీ3లో పంపుతున్నారా? అయితే అతని తప్పేం లేదు. ఎంపీ3 చేసేటప్పుడు మొదట్లో రవ్వంత ఖాళీ చేరుతుంది, అతను దాని మీద పాడి వేవ్ (కుదించని) ఫైల్ పంపితే మీ దగ్గర ఆ ఖాళీ మేరకి వెనకపడుతుంది. అందరూ వేవ్‌లే పంపుకోండి, 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ సెట్టింగ్‌లో, ప్రతి ట్రాకూ పాట సున్నా నుంచే మొదలవ్వాలి, అతను ఏడో నిమిషంలో నోరు తెరిచినా సరే. మోనో అయితే నిమిషానికి 9 ఎంబీ లోపే. నేనొకసారి 48లో వాయించిన పది నిమిషాల పాటని 44.1 అనుకుని తెరిచా, 10 నిమిషాల 53 సెకన్లు అయింది, పైగా శ్రుతి ఒకటిన్నర సెమీటోన్ (అర స్వరం) దిగిపోయింది. రెండ్రోజులు విని, ఇంత బరువుగా ఎలా వచ్చిందిరా అని గిటారిస్ట్‌ని మెచ్చుకున్నా కూడా.

ప్రశ్న: ఒక్కసారి కూడా కలవని వాళ్ళది బ్యాండ్ ఎలా అవుతుంది?

జవాబు: అవుద్ది. మెటల్ కాదుగానీ ‘ది పోస్టల్ సర్వీస్’ అని అమెరికాలో ఒక బ్యాండ్ ఉంది, బెన్ గిబ్బర్డ్, జిమ్మీ టాంబొరెల్లో ఇద్దరూ కలిసిన వాళ్ళే అనుకో, కానీ పాటల పని ఎక్కువగా పోస్టులో పంపుకుంటూ చేశారు, పేరు కూడా దాన్నుంచే వచ్చింది. ఆల్బమ్ 2003లో వచ్చింది. ఆ పేరు మాది అని అమెరికా పోస్టల్ శాఖ అభ్యంతరం చెప్పింది, తర్వాత రాజీపడి ఆ సీడీలు తన సైట్‌లోనే అమ్మింది.